కొండ దిగిన యుద్ధం: బాస్వర్త్ బల్ల డైరీ

జనవరి

ఈ ఏడాది మా వార్‌గేమ్ బల్ల మీదికి బాస్వర్త్ ఎక్కుతోంది. 1485 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లో, లెస్టర్‌కి పడమటి దిక్కున జరిగిన యుద్ధం ఇది. రాజు మూడో రిచర్డ్ అక్కడే నేలకొరిగాడు, అతని మీదికి వచ్చిన హెన్రీ ట్యూడర్ ఏడో హెన్రీగా రాజయ్యాడు. మేముండేది లెస్టర్‌లోనే కాబట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లి నేల చూసి రావచ్చు. బొమ్మలు కొనే ముందు నేల సంగతి తేల్చుకోవాలని ఈసారి గట్టిగా అనుకున్నాను.

వార్‌గేమ్ తెలియనివాళ్లకి ఒక్క ముక్క. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద కొండలు, దార్లు, వాగులు అమర్చి, చిన్న చిన్న సైనికుల బొమ్మలతో పాత యుద్ధాలు ఆడతాం. ఎవరెంత దూరం కదలాలో టేపుతో కొలుస్తాం. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. చదరంగంలో గళ్లు ఎప్పుడూ ఒకటే. ఇక్కడ గళ్ల బదులు నేల ఉంటుంది. ఆ నేల తప్పయితే పైన ఎంత తెలివిగా ఆడినా అది ఇంకేదో యుద్ధం.

బాస్వర్త్‌లో పేచీ అంతా నేల దగ్గరే. యుద్ధం ఆంబియన్ కొండ మీద జరిగిందని రెండు వందల ఏళ్లకు పైగా నమ్ముతూ వచ్చారు. 1788లో విలియం హటన్ అనే ఆయన రాసిన పుస్తకంతో ఆ నమ్మకం స్థిరపడిపోయింది. 1974లో కౌంటీ కౌన్సిల్ అదే కొండ మీద సందర్శకుల కేంద్రం తెరిచింది. పాత వార్‌గేమ్ సీనారియోలు (యుద్ధాన్ని బల్ల మీద ఎలా అమర్చాలో చెప్పే కాగితాలు) ఏవి తీసినా రిచర్డ్ కొండ మీద, హెన్రీ కింద. ఎక్కేవాడికి కష్టం, దిగేవాడికి లాభం. ఆడటానికి మజాగానే ఉంటుంది. కాకపోతే ఆ యుద్ధంలో పేలిన ఫిరంగుల సీసపు గుండ్లు దొరికింది అక్కడికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, నైరుతి వైపు, దాదాపు చదునైన పొలాల్లో.

జనవరి చివర

ముందు కాగితాలు. కొండ మీద అనుమానం తవ్వకాలతో మొదలవలేదు. యుద్ధానికి అయిదు వందల ఏళ్లు నిండిన 1985లోనే కాలిన్ రిచ్‌మండ్ డాడ్లింగ్టన్ ఊరి వైపు వేలు చూపించాడు. తర్వాత పీటర్ ఫాస్ అదే వాదనకు బలం చేకూర్చాడు. 2002లో మైకేల్ జోన్స్ ఇంకా పడమరకు, మెరివేల్ మఠం దగ్గరికి జరిపాడు. మొత్తానికి పండితులు తలో దిక్కుకీ లాగారు.

నాకు పనికొచ్చే ఆధారాలను గోడ మీద అట్టకి గుచ్చుకుంటూ వచ్చాను. యుద్ధం మర్నాడే, ఆగస్టు 23న, యార్క్ నగర సభ తన చిట్టాలో ఈ యుద్ధం రెడ్‌మోర్ దగ్గర జరిగిందని రాసుకుంది. 1283 నాటి ఒక దస్తావేజులో ఇదే రెడ్‌మోర్ డాడ్లింగ్టన్ పొలాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. 1511లో డాడ్లింగ్టన్ చర్చిలో ఈ యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థనలు జరిపించడానికి చందాలు పోగుచేసుకునే అనుమతి ఇచ్చారు. శవాలను ఆ ఊరికే తెచ్చారని అందులో ఉంది. శవాలను మోసుకుంటూ ఎవరూ ఊళ్లు దాటరు కదా.

ఇంకోటి, నాకు బాగా నచ్చింది: నష్టపరిహారం లెక్కలు. గెలిచాక హెన్రీ అథర్‌స్టన్, మాన్సెటర్, విథర్లీ లాంటి ఊళ్లకి పాడైన పంటల కింద డబ్బు కట్టించాడు. అవన్నీ పడమటి ఊళ్లు, అతను వచ్చిన దారిలోవి. యుద్ధకథలు రాసేవాళ్లు వీరత్వం గురించి ఏమైనా పెంచి రాయొచ్చు. పైరు తొక్కించినందుకు డబ్బు ఎవరికిచ్చారన్న లెక్కలో అంత కవిత్వం ఉండదు.

పాలిడోర్ వెర్జిల్ అనే ఇటలీ ఆయన ఉన్నాడు. 1502లో ఇంగ్లండ్ వచ్చాడు, హెన్రీ ఆస్థానంలో చరిత్ర రాశాడు. కళ్లతో చూసినవాడు కాదు గానీ చూసినవాళ్లను అడిగి రాయగలిగినంత దగ్గరివాడు. రెండు సైన్యాల మధ్య చిత్తడి ఉందని, హెన్రీ దాన్ని కుడి చేతి వైపు అడ్డుగోడలా ఉంచుకుని నడిచాడని, అలా నడవడంతో సూర్యుడు వీపు వైపుకి వచ్చాడని రాశాడు. ఈ ఒక్క వాక్యం మీదే నా బల్ల సగం నిలబడాలి. మిగతా సగం మొలినే మీద. బర్గండీ దేశపు చరిత్రకారుడు. రిచర్డ్ ఫిరంగులు పేల్చాడని, ఆ దెబ్బ తప్పించుకోవడానికి హెన్రీ వైపు ఉన్న ఫ్రెంచి సైనికులు ఎదురుగా కాకుండా పక్క నుంచి కమ్ముకున్నారని ఆయన కథనం.

ఫిబ్రవరి

ఈ నెలంతా సర్వే గురించి చదవడంతోనే సరిపోయింది. బొమ్మలు కూడా ఇంకా ఆర్డర్ పెట్టలేదు.

2005లో లాటరీ నిధులతో కౌంటీ కౌన్సిల్ కొత్త సర్వే పెట్టించింది. బాధ్యత బాటిల్‌ఫీల్డ్స్ ట్రస్ట్ తరఫున గ్లెన్ ఫోర్డ్‌ది. వాళ్లు పని చేసిన వరస చూస్తే ముచ్చటేస్తుంది. వెళ్లీ వెళ్లగానే మెటల్ డిటెక్టర్లు ఆడించలేదు. ముందు 1485లో ఆ నేల ఎలా ఉండేదో పటం వేశారు. ఎక్కడ దున్నారు, ఎక్కడ గడ్డి, ఎక్కడ బీడు, ఎక్కడ నీరు నిలిచేది. మట్టి నిపుణుడు పొలం పొలం తిరిగి నేల రకాలు గుర్తించాడు. చిత్తడి కోసం పీట్ పొరలు వెతికారు. నీటిలో కుళ్లిన మొక్కలు వందల ఏళ్లు పేరుకుంటే ఏర్పడే నల్లని మట్టి అది. దాన్ని కార్బన్ పరీక్షకి పంపితే ఏ కాలంలో అక్కడ నీరుండేదో తెలుస్తుంది. కొండ కింద ఉందని అందరూ చెప్పుకున్న చిత్తడి ఆ కాలానికి లేనే లేదని తేలింది. ఫెన్ హోల్ అనే పల్లంలో మాత్రం మధ్యయుగపు చిత్తడి ఉన్నట్టు ఆధారం దొరికింది.

ఆ తర్వాతే డిటెక్టర్లు. అనుభవమున్న వలంటీర్లు పది మీటర్లకో గీత చొప్పున పొలాల్ని జల్లించారు. ఏది దొరికినా జీపీఎస్‌తో చోటు రాసుకోవడం, సంచిలో వేయడం, ముందుకి సాగడం. ఏళ్లు గడిచాయి, చదరపు కిలోమీటర్లు గడిచాయి, యుద్ధానికి సంబంధించింది ఏదీ రాలేదు. డబ్బు అయిపోవస్తున్న దశలో, 2009 మార్చిలో, ఒక సీసపు గుండు తగిలింది. సుమారు 30 మిల్లీమీటర్ల వ్యాసం. అంటే చిన్న నిమ్మకాయంత, లెక్కేస్తే నూట అరవై గ్రాముల బరువు. తుపాకీ తూటాకి అది మరీ పెద్దది, ఫిరంగిదే అయ్యుండాలి. అక్కడి నుంచి గీతల మధ్య దూరం తగ్గించి మళ్లీ వెతికితే ఒకదాని తర్వాత ఒకటి రావడం మొదలైంది. చివరికి 30కి పైగా గుండ్లు. పదిహేను, పదహారు శతాబ్దాల యూరప్ యుద్ధభూములన్నీ కలిపినా అప్పటికి అన్ని దొరకలేదు. కొన్నింటి లోపల సీసం బదులు రాయో ఇనపముక్కో ఉంది. సీసం ఖరీదు కదా, మధ్యలో చవక సరుకు కూరేవాళ్లు. 2010 ఫిబ్రవరిలో చోటు ఎక్కడో ప్రకటించారు: ఫెన్ లేన్ అనే పాత రోమన్ దారికి అటూ ఇటూ.

గుండ్లతో పాటు చిన్న వెండి వరాహం కూడా దొరికింది, బంగారు పూత పూసింది. తెల్ల వరాహం రిచర్డ్ చిహ్నం. సాదా సైనికుడికి వెండిది ఇవ్వరు. రాజు దగ్గర మసిలే మనిషి ఛాతీ మీది నుంచో టోపీ మీది నుంచో ఊడిపడి ఉండాలి. అది దొరికింది ఫెన్ హోల్ చిత్తడి అంచున. రిచర్డ్ గుర్రం చిత్తడిలో దిగబడిందని రాసింది కూడా మొలినేనే.

ఇక్కడ వార్‌గేమ్ ఆడేవాళ్లు తొందరపడే చోటు ఒకటుంది. గుండ్లు దొరికిన చోట్లకి చుక్కలు పెట్టి, ఆ చుక్కల మీద సైన్యాన్ని నిలబెట్టేస్తారు. గుండు దొరికిన చోటు అది ఆగిపోయిన చోటు. పేలిన చోటు వేరు, తగలాల్సిన మనుషులు నిలబడ్డ చోటు వేరు. ఆ రోజుల్లో ఫిరంగిని తక్కువ ఎత్తులో కొడితే గుండు నేలకి తగిలి ఎగిరి, మళ్లీ తగిలి, దొర్లుకుంటూ పోతుంది. చదును పొలంలో అలా చాలా దూరం పోతుంది. మనుషుల్లో పడి ఆగినవి కొన్ని, వాళ్లని దాటేసినవి కొన్ని. కాబట్టి ఆ చుక్కల మేఘం మొత్తం నాకు చెప్పేది ఒక దిశ, ఒక వెడల్పు, అంతే. దాని నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ ఫిరంగుల వరస ఎక్కడుండాలో ఊహించాలి.

అన్నట్టు, ఈ సర్వే ఫలించడంలో కాలం కలిసొచ్చింది కూడా. సీసం మట్టిలో చెడదు. ఇనప బాణపు మొన తుప్పుపట్టి పొడైపోతుంది. మిగిలినా దాన్ని మేకుల మధ్య, నాడాల మధ్య, ట్రాక్టరు ముక్కల మధ్య ఏరాలి. ఆ తలనొప్పి పడలేకే చాలామంది డిటెక్టర్‌ని ఇనుము పట్టించుకోకుండా పెట్టేస్తారు. 1461 నాటి టౌటన్‌లో మాత్రం ఓపిగ్గా ఇనుము కూడా వెతికి బాణపు మొనలు బయటికి తీశారు. ఫిరంగులు రాకముందు యుద్ధాలైతే మరీ కష్టం. 1066 హేస్టింగ్స్ మైదానంలో ఆ యుద్ధానివేనని గట్టిగా చెప్పగల వస్తువులు దాదాపు లేవు.

ఫిబ్రవరి, ఒక ఆదివారం

మా బావమరిది కవెంట్రీ నుంచి వచ్చాడు. కారులో ఇద్దరం బయల్దేరాం. ఆంబియన్ కొండ మీద కేంద్రం ఇప్పటికీ ఉంది. వరాహాన్ని అక్కడే అద్దాల పెట్టెలో పెట్టారు. ఫోటోల్లో పెద్దగా కనిపిస్తుంది గానీ ఎదురుగా చూస్తే బొటనవేలంత. ముట్టె, వీపు మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. అయిదు వందల ఏళ్లు నాగళ్ల కింద పొర్లిన వస్తువు ఇంత నిగారింపుగా ఉందంటే బావమరిది నమ్మలేదు. "పాలిష్ పెట్టుంటారు బావా" అన్నాడు.

అక్కడి నుంచి ఫెన్ లేన్. నిటారు రోడ్డు, లారీలు ఆగకుండా పోతుంటాయి. పొలాలు ప్రైవేటువి, లోపలికి వెళ్లడానికి లేదు. కాలిబాటలున్న చోట దిగి నడిచాం. శీతాకాలం కాబట్టి పల్లపు పొలాల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. కాలవలు తవ్వి నీరు తీసేసిన నేలే ఇలా ఉంటే తవ్వకముందు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. బూటు మడమ దాకా దిగింది. పైకి లాగితే నల్లటి బురద, కుళ్లు వాసన.

"ఇదేనా బావా యుద్ధభూమి? ఒక్క మిట్ట లేదు, పల్లం లేదు. మా నరసరావుపేట రోడ్డు పక్క చేలు ఇంతకంటే ఎగుడుదిగుడుగా ఉంటాయి" అన్నాడు బావమరిది.

"అందుకేరా ఫిరంగులు పెట్టింది. కొండ మీంచి కొడితే గుండు నేలలో గుచ్చుకుపోతుంది, ఇలాంటి చోట అయితే దొర్లుకుంటూ పోతుంది."

"అయితే ఇదంతా దేనికి, మన కారెంపూడి చేయొచ్చుగా. అక్కడ వీరుల గుడి ఉంది, నాగులేరు ఉంది, ఏటా ఉత్సవం కూడా ఉంది."

చేయాలనే ఉంది. కానీ పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దపుది, సీసపు గుండు అన్నది లేని కాలం. గుడి, కథ, ఉత్సవం చోటును గుర్తుపెట్టాయి గానీ ఏ దళం ఎటు నిలిచిందో బల్ల మీద పెట్టడానికి అవి చాలవు. డిటెక్టర్ పట్టుకుని ఎవరు పడితే వాళ్లు తిరగడానికి మన దగ్గర చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. ఇవన్నీ చెప్పేసరికి వాడు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు డాడ్లింగ్టన్ చర్చి దగ్గర ఆగాం. చాలా చిన్న చర్చి. యుద్ధభూమి పడమటి కొసలో కొంత భాగం మీద డ్రైవర్ లేని కార్ల పరీక్షా ట్రాక్‌కి 2018లో అనుమతి ఇచ్చారు, దాని మీద పెద్ద గొడవే జరిగింది. రిజిస్టర్ చేసిన యుద్ధభూమి అయినా సరే కట్టడం ఆగలేదు. నాకైతే కడుపు మండింది.

మార్చి

లైడార్ రోజులు. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తు కొలిచిన సమాచారం ఇది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ పర్యావరణ సంస్థ దీన్ని ఉచితంగా ఇస్తుంది, మీటరుకో కొలత చొప్పున. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వెలుగు ఒక పక్క నుంచి పడేలా నీడలు వేయిస్తే చెట్లు, ఇళ్లు మాయమై నేల ఒంటి మీద గీతలు కనిపిస్తాయి. పాత రోజుల్లో ఎడ్లతో దున్నినప్పుడు ఏర్పడ్డ గట్లూ చాళ్లూ కొన్ని గడ్డి పొలాల్లో ఇంకా చెరిగిపోలేదు.

స్కేలు: 1 సెంటీమీటరుకి 15 మీటర్లు. బల్ల మొత్తం సుమారు 2.7 కిలోమీటర్లు పొడవు, 1.8 వెడల్పు. ఫెన్ లేన్ దారిని పొడవు వాటంగా, బల్ల నడిమికి కొంచెం పక్కగా పెట్టాను. హెన్రీ పడమటి అంచు నుంచి వస్తాడు, రిచర్డ్ లెస్టర్ వైపు నుంచి అంటే తూర్పు నుంచి. ఈ కొలతల్లో ఆంబియన్ కొండ బల్ల మీద పట్టనే పట్టదు. దాన్ని పెట్టాలంటే పక్కనున్న సోఫా మీద పెట్టాలి.

తర్వాత ఇప్పటి పటంలోంచి తీసేయాల్సినవి తీసేశాను. ఆష్బీ కాలవ 1804లో తెరిచారు, తీసేయ్. రైలు కట్ట 1873ది, తీసేయ్. పొలాల మధ్య కంచెలు చాలావరకు తర్వాతి శతాబ్దాల్లో నాటినవి, అవీ పోవాలి. ఈ కంచెలు పోవడమే ఆటకి పెద్ద మార్పు. పాత సీనారియోల్లో విలుకాళ్లు కంచెల వెనక దాక్కుంటారు. ఇక్కడ దాక్కోవడానికి ఏమీ లేదు.

మార్చి చివర, ఏప్రిల్

కట్టడం. గట్టి ఫోమ్ షీట్లు, వేడి తీగతో కోత. దాదాపు చదును నేల కాబట్టి ఎత్తుల్ని రెట్టింపు చేసి చూపించాను. లేకపోతే కొన్ని మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు. పైన పీవీఏ జిగురు, అంటే మన ఫెవికాల్ లాంటిదే, అందులో సన్నటి ఇసుక కలిపి రెండు పూతలు. స్ప్రే రంగు నేరుగా ఫోమ్‌కి తగిలితే కరిగిపోతుంది కాబట్టి ఈ పూత తప్పదు.

రంగు విషయంలో పంటల లెక్కే దారి చూపించింది. 1485 ఆగస్టు 22 అంటే ఇప్పటి క్యాలెండర్‌లో ఆగస్టు 31. కోతల కాలం. కాబట్టి ఆకుపచ్చ బల్ల కుదరదు. ఎండుగడ్డి రంగు, మధ్య మధ్య కోసిన మోళ్లు, కొన్ని కోయని మళ్లు. ఇంట్లోవాళ్లు చూసి "ఇదేంటి, ఎండిపోయినట్టుంది" అన్నారు. అలాగే ఉండాలి.

చిత్తడి మీద చాలా సమయం పెట్టాను. ముందు ఫోమ్‌ని మూడు మిల్లీమీటర్ల లోతు చెక్కాను. అడుగున దాదాపు నలుపు, దాని మీద తడి మట్టి రంగు పలచగా. పాత పెయింట్ బ్రష్ కుచ్చు కత్తిరించి రెల్లు దుబ్బులుగా నాటాను, అంచుల్లో ఒత్తుగా, నడుమ పలచగా. చివరికి రెండు పొరల రెసిన్. ఒక పొర ఆరాక రెండోది పోయాలి, ఒకేసారి పోస్తే వేడెక్కి పగుళ్లొస్తాయి. రెండో పొరలో చిటికెడు గోధుమరంగు పొడి కలిపితే శుభ్రమైన చెరువులా కాకుండా నిలవ నీరులా కనిపించింది. చిత్తడికి పదునైన గట్టు పెట్టలేదు. అసలు చిత్తడిలో ఎక్కడ అడుగు దిగబడటం మొదలవుతుందో వచ్చేవాడికి తెలియదు. ఆటలో కూడా అంతే: అంచు నుంచి రెండు సెంటీమీటర్ల లోపలికి వచ్చిన గుర్రపు దళం పాచిక వేయాలి. ఒకటి పడితే గుర్రాలు పోయినట్టే.

ఏప్రిల్

ఇప్పుడు జనం లెక్క. రిచర్డ్ వైపు సుమారు తొమ్మిది వేలు, హెన్రీ వైపు అయిదు వేలు, ఎటూ తేల్చని స్టాన్లీ అన్నదమ్ములకి కలిపి అయిదారు వేలు అనుకున్నాను. పుస్తకాల్లో అంచనాలు అటూ ఇటూ ఊగుతాయి, మధ్యలోవి పట్టుకున్నాను. పది మిల్లీమీటర్ల బొమ్మలు, వాటిని అంటించడానికి నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న బేసులు, అంటే చిన్న పలకలు. ఒక్కో బేసు అంటే నేల మీద 60 మీటర్లు. మనిషికో మీటరు, మూడు నాలుగు వరసల లోతు అనుకుంటే బేసుకి రెండు వందల మంది.

ఈ కూడికలోనే అసలు విషయం బయటపడింది. రిచర్డ్ తొమ్మిది వేలంటే 45 బేసులు. పక్కపక్కన పేరిస్తే 180 సెంటీమీటర్లు. బల్ల వెడల్పు 122. అందులో చిత్తడి ఒక పక్క తినేసింది. అంటే రిచర్డ్ సైన్యం మొత్తాన్ని ఒకే వరసలో శత్రువుకి ఎదురుగా నిలబెట్టే వీలే లేదు. నార్ఫోక్ డ్యూక్ ముందు దళం, దాని వెనక రాజు, ఇంకా వెనక నార్తంబర్లాండ్ ఎర్ల్. ఆ రోజు నార్తంబర్లాండ్ కదలకుండా నిలబడ్డాడని చరిత్రకారులు అతన్ని ద్రోహి అన్నారు. నిజంగా ద్రోహమే కావచ్చు. ముందు మనవాళ్లే అడ్డంగా నిలబడి, పక్కన చిత్తడి ఉంటే కదలడానికి దారెక్కడుంది అని అడిగినవాళ్లూ ఉన్నారు. బల్ల మీద బేసులు పేర్చేసరికి ఆ ప్రశ్న నాకు మరీ దగ్గరగా కనిపించింది. బల్ల ఏదీ రుజువు చేయదు, ఆ సంగతి మర్చిపోకూడదు. నేను వేరే అంచనా తీసుకుంటే, అయిదారు వరసల లోతు పెడితే, ఈ లెక్క మారిపోతుంది.

హెన్రీ వైపు ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ ముందు దళం. తన మనుషులు జెండాలకు పది అడుగులకు మించి దూరం పోకూడదని అతను హుకుం ఇచ్చాడని వెర్జిల్ రాశాడు. నా స్కేలులో పది అడుగులంటే రెండు మిల్లీమీటర్లు. కాబట్టి నియమం సులువు: ఆక్స్‌ఫర్డ్ బేసులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నంతసేపు దెబ్బ తగిలినా చెదరవు, కానీ నడక సగానికి పడిపోతుంది.

ఫిరంగుల సంఖ్య మీద ఒక గేయంలో నూట నలభై సర్పెంటైన్లు (ఒక రకం ఫిరంగులు) గొలుసులతో కట్టి పెట్టారని ఉంది. పాటలో అంకెలకి పన్ను లేదు. మూడు బేసులు పెట్టాను. కానీ గుండు దొర్లే నియమం జాగ్రత్తగా రాశాను: గురి పెట్టిన చోట తగిలాక అదే గీతలో ఇంకో పాతిక సెంటీమీటర్లు పోతుంది, దారిలో ఉన్న ప్రతి బేసుకీ ఒక పాచిక. చిత్తడిలోకి దిగిందా, అక్కడే ఆగిపోతుంది.

బల్ల పూర్తయ్యాక గుండుసూదులు గుచ్చాను. నేల చెప్పినదానికి తెల్లవి, కాగితం చెప్పినదానికి పసుపు, నా ఊహకి ఎరుపు. తెల్లవి ఎక్కడున్నాయంటే: చిత్తడి, దారి, గుండ్లు పడ్డ మేర, వరాహం. పసుపువి ఇంకొన్ని. దళాల స్థానాలన్నీ, స్టాన్లీలు నిలబడ్డ చోటు, ఫిరంగుల వరస, అన్నీ ఎరుపే. ఇంత గొప్ప సర్వే జరిగిన యుద్ధభూమికే ఇలా ఉంటే, ఏ సర్వే లేని యుద్ధాలకి పెట్టెల మీద అచ్చేసే పటాల్ని ఎంత నమ్మాలో ఆలోచించుకోవచ్చు.

మే

ఆటలు. బావమరిది రిచర్డ్, నేను హెన్రీ, వారాంతాల్లో ఇంకో ఇద్దరు మిత్రులు స్టాన్లీలు.

కొండ లేని బాస్వర్త్ వేరే ఆట. పాత సీనారియోలో రిచర్డ్ పైన కూర్చుని ఎదురుచూస్తాడు. ఇక్కడ ఎదురుచూడాల్సింది ఫిరంగులు పనిచేసినంతసేపే. ఎదురుగా వెళ్తే ఆక్స్‌ఫర్డ్ దళం కరిగిపోతుంది, రెండు ఆటల్లో అలాగే కరిగింది. చిత్తడిని కుడివైపు ఉంచుకుని, దాన్ని చుట్టి పక్క నుంచి వస్తే ఫిరంగులకి గురి దొరకదు, మధ్యలో సొంత మనుషులే అడ్డం పడతారు. మొలినే రాసింది ఇదేనని అప్పుడు వెలిగింది.

సూర్యుడి లెక్క కూడా అప్పుడే కొంత కుదిరింది. పడమర నుంచి తూర్పుకి నడిచేవాడికి పొద్దున సూర్యుడు మొహాన ఉండాలి, వీపున ఎలా ఉంటాడు? చిత్తడిని చుట్టి వాయవ్యం వైపు తిరిగితే ఎండ వెనక నుంచే పడుతుంది. టేబుల్ ల్యాంప్‌ని ఆగ్నేయ మూలన పెట్టి చూశాం. ఆక్స్‌ఫర్డ్ బొమ్మల నీడలు నార్ఫోక్ దళం మీద పడ్డాయి. బావమరిది "మోసం బావా, లైటు నీకు కావాల్సిన చోట పెట్టుకున్నావ్" అన్నాడు. నిజమే, యుద్ధం మొదలైన గంట మీద కూడా ఎర్రసూదే ఉంది.

రాజు దాడి ప్రతి ఆటలోనూ వస్తోంది. నార్ఫోక్ దళం విరగ్గానే, హెన్రీ జెండా కొద్దిమందితో దూరంగా కనిపించగానే, బావమరిది చెయ్యి ఆగదు. గుర్రపు బేసులన్నీ కదిలిస్తాడు. ఒకసారి హెన్రీ జెండా మోసే విలియం బ్రాండన్ పడిపోయాడు, చరిత్రలోలాగే. ఆ తర్వాతి పాచికలో స్టాన్లీ అన్నదమ్ముల్లో ఒకడైన విలియం స్టాన్లీ హెన్రీ వైపు దిగాడు. రిచర్డ్ బేసు వెనక్కి తగ్గి చిత్తడి అంచుకి చేరింది, ఒకటి పడింది, గుర్రం పోయింది.

లెస్టర్ కారు పార్కింగ్ కింద 2012లో బయటపడ్డ రిచర్డ్ అస్థిపంజరం మీద పుర్రెకే తొమ్మిది గాయాలున్నాయి. చేతుల మీద తప్పించుకునే గాయాలు కనబడలేదు. ఒంటి మీద కవచం ఉండి, తల మీద శిరస్త్రాణం పోయిన మనిషి గాయాలవి. అందుకే గుర్రం పోయిన రాజుకి పారిపోయే పాచిక ఇవ్వడం లేదు, అక్కడే పోరాడతాడు. బావమరిదికి ఈ నియమం అస్సలు నచ్చలేదు. రాజుకి కనీసం ఒక అవకాశం ఇవ్వమంటాడు. ప్రస్తుతానికి ఇవ్వలేదు.

మిగిలిన పనులు: ఫిరంగుల వరసని ఇంకో వంద మీటర్లు వెనక్కి జరిపి ఆడి చూడాలి. లోతు ఆరు వరసలు పెట్టి నార్తంబర్లాండ్‌కి దారి దొరుకుతుందేమో చూడాలి. వచ్చే నెల క్లబ్బులో ఈ బల్ల వేస్తున్నాం. ఆడేవాళ్లకిచ్చే కాగితంలో స్టాన్లీల స్థానం ఖాళీగా వదిలేశాను. ఎర్రసూదులు వాళ్ల చేతికే ఇచ్చి, ఎక్కడ గుచ్చుతారో, ఎందుకో చెప్పి గుచ్చమంటాం.